చేతులు వణికిన బాద్షా: జహంగీర్ తానే రాసుకున్న మత్తు లెక్క

జహంగీర్ బాద్షా అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆగ్రా కోటకి వేలాడిన న్యాయ గొలుసు. ఆ తర్వాత నూర్‌జహాన్ బేగం, కశ్మీర్ తోటలు, అనార్కలి సినిమా. బడిలో పరీక్ష కోసం చదువుకున్నది కూడా దాదాపు ఇంతే. కానీ ఆయన జీవితంలో ఇంకో పెద్ద భాగం ఉంది. అది శత్రువులు కట్టిన కథ కాదు. ఆయనే ఫార్సీలో రాసి పెట్టుకున్నాడు. ఏ వయసులో మొదటిసారి తాగాడు, రోజుకి ఎన్ని గిన్నెలు, ఒక్కో గిన్నె బరువెంత, నల్లమందు పగలు ఎంత, రాత్రి ఎంత, అన్నీ తుజుక్-ఎ-జహంగీరీ అనే ఆయన ఆత్మకథలో ఉన్నాయి. దుకాణం సేఠ్ రోజువారీ ఖాతా రాసుకున్నట్టే రాశాడు.

ఇప్పుడు మన బస్తీల్లో గంజాయి, నిద్రమాత్రలు, దగ్గుమందు సీసాలు, వైట్‌నర్ సంగతి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు హరామ్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. ఆ మాటలో తప్పు లేదు. కానీ ఒంట్లో ఏం జరుగుతుంది, ఇరవై ఏళ్ళ తర్వాత మనిషి ఏమవుతాడు, మానేస్తానని ఒట్టు పెట్టినవాడు ఎందుకు మానలేకపోతాడు, ఇవి చెప్పేవాళ్ళు తక్కువ. 400 ఏళ్ళ నాటి ఈ ఖాతా ఆ పని చేస్తుంది. అందుకే ఈ వ్యాసం.

మొక్కుల బిడ్డ

అక్బర్‌కి పిల్లలు పుట్టి చనిపోతూ ఉండేవాళ్ళు. వారసుడి కోసం ఆయన సిక్రీలో ఉండే షేక్ సలీం చిష్తీ దగ్గరికి దుఆ కోసం వెళ్ళాడు. 1569 ఆగస్టు 31న కొడుకు పుట్టాడు. ఆ బుజుర్గ్ పేరే బిడ్డకి పెట్టి సలీం అన్నారు. మొక్కు తీర్చుకోవడానికి అక్బర్ ఆగ్రా నుంచి అజ్మీర్ దాకా కాలినడకన వెళ్ళాడు. సలీం తర్వాత మురాద్, దానియాల్ అని ఇంకో ఇద్దరు కొడుకులు పుట్టారు.

సలీంకి దేనికీ లోటు లేదు. మంచి ఉస్తాదులు దొరికారు. ఫార్సీ, తుర్కీ నేర్చాడు. బొమ్మలంటే ప్రాణం. పిట్టని, పువ్వుని చూస్తే ఆగి పరిశీలించేవాడు. తర్వాతి రోజుల్లో లైలా, మజ్నూ అని పేర్లు పెట్టిన సారస్ కొంగల జంట గుడ్లు ఎలా పొదుగుతాయో దగ్గరుండి గమనించి రాసుకున్నాడు. తెలివి తక్కువవాళ్ళే మత్తుకి బానిసలవుతారని అనుకునేవాళ్ళు ఈ మనిషిని చూడాలి. ఆయన తెలివిలో ఏ లోపమూ లేదు.

అలసట తీరడానికి ఒకటిన్నర గిన్నె

18 ఏళ్ళు వచ్చేదాకా తాను తాగలేదని జహంగీర్ రాసుకున్నాడు. పసితనంలో రెండు మూడు సార్లు అమ్మో, పాలిచ్చిన దాయీలో మందుగా చుక్క వేసిన మాట, దగ్గుకి పన్నీరు కలిపి ఒక తులం ఇప్పించిన మాట మాత్రం దాచలేదు.

అసలు మొదలు అటక్ దగ్గర. యూసుఫ్‌జాయీ అఫ్గాన్ల మీద యుద్ధం కోసం అక్బర్ సైన్యం సింధు నది ఒడ్డున డేరాలు వేసింది. ఒకరోజు సలీం వేటకి వెళ్ళి బాగా అలిసిపోయి వచ్చాడు. పక్కనే ఉన్న ఒక ఫిరంగి ఉస్తాద్, ఒక గిన్నె షరాబ్ పడితే అలసట ఇట్టే పోతుందని చెప్పాడు. కుర్రవాడు, సరదా. హకీం అలీ ఇంటికి మనిషిని పంపాడు. చిన్న సీసాలో ఒకటిన్నర గిన్నె పసుపురంగు తియ్యటి షరాబ్ వచ్చింది. తాగాడు. హాయిగా అనిపించింది.

ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. బలవంతం చేసినవాడూ లేడు. ఒళ్ళు నొప్పిగా ఉంది, తెలిసినవాడు ఒక సలహా ఇచ్చాడు, అంతే. రాత్రి షిఫ్టు చేసే కుర్రాడికి నిద్ర ఆగడానికి ఒక మాత్ర, పరీక్షలప్పుడు టెన్షన్ తగ్గడానికి ఒక దమ్ము అంటూ ఇవాళ దోస్తులు చెప్పేది కూడా ఇదే సలహా.

ఇరవై గిన్నెలు

ఆ తర్వాత రోజురోజుకీ పెరిగింది. కొన్నాళ్ళకి ద్రాక్ష షరాబ్ ఎంత తాగినా ఎక్కడం మానేసింది. దాంతో బట్టీ పెట్టి దించిన అరక్‌కి మారాడు. తొమ్మిదేళ్ళు గడిచేసరికి లెక్క ఎక్కడికి చేరిందంటే, రెండుసార్లు బట్టీ పెట్టిన ఘాటు సారా రోజుకి ఇరవై గిన్నెలు. పద్నాలుగు పగలు, మిగతావి రాత్రి. తిండి మాత్రం ఒక కోడి, కొంచెం రొట్టె, ముల్లంగి.

మత్తు పదార్థం ఏదైనా ఒంటికి అలవాటు పడితే జరిగేది ఇదే. మొదట్లో ఒక గిన్నెకి వచ్చిన హాయి తర్వాత నాలుగు గిన్నెలకి గానీ రాదు. మెదడు ఆ మత్తుకి సర్దుకుంటుంది. అప్పుడు మోతాదు పెంచాలి, లేదా ఇంకా ఘాటైన దానికి మారాలి. కొన్నాళ్ళకి హాయి కోసం తాగడం పోయి, తాగకపోతే వచ్చే బాధ నుంచి తప్పించుకోవడానికి తాగడం మిగులుతుంది.

సలీం ఆ దశకి వచ్చేశాడు. మత్తు దిగే వేళకి చేతులు ఎంత వణికేవంటే తన గిన్నె తాను పట్టుకోలేకపోయేవాడు. పక్కవాళ్ళు పట్టి తాగించాల్సి వచ్చేది. అప్పటికి ఆయనకి ఇరవై ఆరో, ఇరవై ఏడో. మన హైదరాబాద్‌లో 1591లో చార్మినార్ లేచినప్పుడు, అక్కడ ఉత్తరాన హిందుస్తాన్‌కి కాబోయే బాద్షా ఈ మెట్లు ఒక్కొక్కటే దిగుతూ ఉన్నాడు.

డాక్టర్లు ఇవాళ ఈ వణుకు గురించి స్పష్టంగా చెబుతారు. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగిన ఒంటికి సారా అందడం ఆలస్యమైతే నరాలు అదుపు తప్పుతాయి. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, లేనివి కనపడతాయి, ప్రాణం కూడా పోవచ్చు.

హకీం హుమాం పెట్టిన గడువు

ఆ స్థితిలో సలీం హకీం హుమాంని పిలిపించాడు. ఈయన అక్బర్‌కి బాగా దగ్గరివాడు. షెహజాదాకి కోపం వస్తుందేమోనని నసగలేదు. ఇలాగే సాగితే ఆరు నెలల్లో వైద్యం లేని స్థితికి చేరతారని ముఖం మీదే చెప్పేశాడు. ఆ మాట మంచి కోరి చెప్పింది కాబట్టి, ప్రాణం తీపి కాబట్టి, తన మీద బాగా పనిచేసిందని జహంగీర్ ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి తగ్గించడం మొదలుపెట్టాడు. ఘాటు సారాలో రెండు వంతుల ద్రాక్ష షరాబ్ కలిపించి పలచన చేయించాడు. ఏడేళ్ళు పట్టింది గానీ ఇరవై గిన్నెల నుంచి ఆరుకి దించాడు. ఒక్కో గిన్నె పద్దెనిమిదింపావు మిస్కాల్‌ల బరువు అని కూడా రాశాడు. తర్వాత పదిహేనేళ్ళు అదే లెక్క మీద నిలబడ్డాడు. జుమా రాత్రి తాగకుండా ఉండాలని గురువారం పగలే ముగించేవాడు.

ఇక్కడిదాకా చదివితే శభాష్ అనాలనిపిస్తుంది. కానీ ఖాతాలో రెండో వైపు కూడా చూడాలి. సారా ఎంత తగ్గించాడో అంత మేర ఫలూనియా పెంచాడు. ఫలూనియా అంటే నల్లమందు కలిపి చేసే లేహ్యం. కొంతకాలానికి దాన్ని వదిలి నేరుగా నల్లమందే తినసాగాడు. 46 ఏళ్ళ 4 నెలల వయసులో తన మోతాదు రాశాడు. పగలు ఎనిమిది సుర్ఖ్‌లు, రాత్రి ఆరు సుర్ఖ్‌లు. సుర్ఖ్ అంటే మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ. మొత్తం పద్నాలుగు గింజల ఎత్తు, ఇవాళ్టి లెక్కలో ఒకటిన్నర గ్రాముల పైనే, రోజూ.

అంటే అప్పు తీరలేదు. ఒక సావుకారు దగ్గర తీసుకున్నది ఇంకో సావుకారు దగ్గరికి మారింది. వడ్డీ నడుస్తూనే ఉంది. మందు మానేశానని గంజాయి పట్టేవాళ్ళు, గంజాయి మానేశానని మాత్రలు మింగేవాళ్ళు చేసేది ఇదే. ఇంట్లోవాళ్ళు కూడా వాసన రావడం లేదు కదా అని ఊపిరి పీల్చుకుంటారు.

ఇద్దరు తమ్ముళ్ళు

హకీం హుమాం మాట విన్నందుకు సలీం బతికాడు. ఆయన తమ్ముళ్ళకి ఆ అదృష్టం లేదు.

మురాద్‌ని అక్బర్ దక్కన్ మీదికి పంపాడు. అహ్మద్‌నగర్ కోటలో చాంద్ బీబీ ఎదురు నిలబడిన యుద్ధంలో మొఘల్ సైన్యానికి పేరుకి నాయకుడు ఈయనే. కానీ తాగుడు అప్పటికే ముదిరింది. కొడుకుని వెనక్కి తీసుకురమ్మని అక్బర్ అబుల్ ఫజల్‌ని పంపాడు. ఆయన చేరేసరికి పరిస్థితి చేయి దాటింది. 1599లో ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా ప్రాంతంలో మురాద్ చనిపోయాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

మురాద్ తర్వాత దానియాల్ దక్కన్‌కి వచ్చాడు. అన్న ఎలా పోయాడో కళ్ళారా తెలిసినవాడు. అయినా అదే దారి. అక్బర్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. మామ అబ్దుర్రహీం ఖాన్-ఎ-ఖానాన్ కాపలా పెట్టించాడు. ఇంట్లోకి చుక్క వెళ్ళకుండా మనుషుల్ని నిలబెట్టాడు. దానియాల్ నౌకర్ల కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి వేటకి వాడే తన తుపాకీ గొట్టంలో సారా పోయించి తెప్పించుకున్నాడు. గొట్టంలో ఉన్న తుప్పు, తుపాకీ మందు అందులో కలిసింది. అది తాగి పడినవాడు మళ్ళీ లేవలేదు. బుర్హాన్‌పూర్‌లో 33వ ఏట పోయాడు. ఆ తుపాకీ అంటే దానియాల్‌కి ఎంతో ఇష్టమని, దానికి జనాజా అనే మాట కలిపి పేరు పెట్టుకున్నాడని అన్న జహంగీరే రాశాడు.

అక్బర్ కన్నుమూయకముందే ఇద్దరు కొడుకుల్ని ఇలా పోగొట్టుకున్నాడు. అంతకుముందు 1585లో ఆయన తమ్ముడు, కాబూల్‌ని ఏలిన మీర్జా హకీం కూడా తాగుడుతోనే పోయాడు. హిందుస్తాన్‌లో ఆయన మాటకి ఎదురులేదు. సొంత ఇంట్లో ఒక సీసాని ఆపలేకపోయాడు.

గదిలో పెట్టి తలుపు వేసిన రోజులు

ఆపాలని ఆయన ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాడు. సలీం 1600 తర్వాత అలహాబాద్‌లో తండ్రి మీద తిరగబడి వేరు దర్బారు పెట్టుకున్నాడు. 1604లో దాదీ హమీదా బానూ బేగం మరణించాక ఆగ్రాకి తిరిగొచ్చాడు. అక్బర్ అందరి ముందూ ఆదరించి, లోపలికి తీసుకెళ్ళి చెంపదెబ్బలు కొట్టాడు. గదిలో పెట్టించి ఒక వైద్యుడిని కాపలా ఉంచి, షరాబ్, నల్లమందు అందకుండా చేశాడు. కొద్ది రోజులకి బయటికి వదిలాడు. బయటికొచ్చిన సలీం మళ్ళీ పాత లెక్కకే వెళ్ళాడు.

మన దగ్గర ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే. అబ్బా కొడతాడు, అమ్మీ ఏడుస్తుంది, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు, లేకపోతే ఊళ్ళో నానీ ఇంటికి పంపిస్తారు. పది రోజులకి మొహం తేటపడగానే బాగైపోయాడనుకుంటారు. ఒంట్లోంచి మత్తు దిగడం వేరు, మెదడు దాన్ని మరిచిపోవడం వేరు. మొదటిది రోజుల పని. రెండోదానికి నెలలు, ఏళ్ళు పడతాయి. పైగా బాగా ముదిరినవాడికి డాక్టర్ లేకుండా సారా ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మరో ప్రమాదం కూడా ఉంది. నల్లమందు రకం మత్తులు కొన్నాళ్ళు మానినవాడికి ఒంట్లో పాత ఓర్పు ఉండదు. మళ్ళీ మొదలుపెట్టి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

తఖ్తు ఎక్కాక

1605లో అక్బర్ మరణించాడు. 36 ఏళ్ళ సలీం నూరుద్దీన్ జహంగీర్ అనే పేరుతో బాద్షా అయ్యాడు. రాగానే పన్నెండు ఫర్మానాలు వేశాడు. అందులో ఒకటి షరాబ్, మత్తు పదార్థాలు తయారు చేయకూడదు, అమ్మకూడదు అని. ఆ ఫర్మానా రాసిన చోటే తాను 18 ఏళ్ళ నుంచి తాగుతున్న సంగతి కూడా రాశాడు. 1617లో పొగాకుని కూడా నిషేధించాడు. మరోపక్క చేతిలో షరాబ్ గిన్నెతో తన బొమ్మ వేయించి బంగారు నాణేలు కొట్టించాడు. తప్పని తెలియక కాదు, తెలిసీ వదల్లేకపోయాడు.

1609లో ఆగ్రాకి వచ్చిన ఇంగ్లీష్ వర్తకుడు విలియం హాకిన్స్ బాద్షా దినచర్య రాశాడు. సాయంత్రం షరాబ్, దాని మీద నల్లమందు, మత్తు తలకెక్కగానే నిద్ర. రెండు గంటల తర్వాత లేపి, తనంతట తాను తినే స్థితిలో లేని బాద్షా నోట్లో వేరేవాళ్ళు ముద్దలు పెట్టేవాళ్ళు. కొన్నేళ్ళకి వచ్చిన రాయబారి థామస్ రో కూడా మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయే బాద్షాని చూశాడు.

దర్బారులో ఇనాయత్ ఖాన్ అనే ఉద్యోగి ఉండేవాడు. నల్లమందు మనిషి, వీలు దొరికితే షరాబ్ కూడా. 1618లో ఆయన ఒళ్ళు పూర్తిగా దెబ్బతింది. ముందు విరేచనాలు పట్టుకున్నాయి, స్పృహ తప్పేవాడు. తర్వాత వింత ఆకలి, ఎంత తిన్నా ఆగేది కాదు. ఆఖరికి ఒంటికి నీరు పట్టింది. హకీం రుక్నా వైద్యం పనిచేయలేదు. ఆగ్రా వెళ్ళడానికి సెలవు అడిగితే పల్లకీలో బాద్షా ముందుకి తెచ్చారు. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు. జహంగీర్ నివ్వెరపోయాడు. దారి ఖర్చులకి రెండు వేల రూపాయలు ఇచ్చాడు. చిత్రకారుల్ని పిలిచి ఆ మనిషి బొమ్మ వేయించాడు. మర్నాడే ఇనాయత్ ఖాన్ పోయాడు. ఆ బొమ్మ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. దిండ్లకి ఆనుకుని, పక్కటెముకలు తేలి, ఎటో చూస్తున్న మనిషి. మత్తు మనిషిని ఏం చేస్తుందో చూపించడానికి అంతకు మించిన బొమ్మ ఇవాళ్టి ఆస్పత్రి గోడల మీద కూడా లేదు.

ఆ బొమ్మ వేయించిన మనిషి కూడా అదే రాత్రి తన ఆరు సుర్ఖ్‌లు తినే ఉంటాడు. ఎదుటివాడిలో కనపడిన రోగం తనలో కనపడలేదు.

కొడుక్కి తన చేత్తో

జహంగీర్ కొడుకుల్లో ఖుర్రం అంటే ఆయనకి ప్రత్యేకమైన ప్రేమ. తర్వాత షాజహాన్ అయింది ఈయనే. 24 ఏళ్ళు వచ్చేదాకా ఖుర్రం షరాబ్ ముట్టలేదు. 1616 మొదట్లో, పుట్టినరోజు తులాభారం నాడు, తండ్రే నచ్చజెప్పి మొదటి గిన్నె తాగించాడు. పండగలప్పుడు, మితంగా తాగితే తప్పులేదని, ఒంటికి మంచిదని చెప్పాడు. ఖుర్రం ససేమిరా అన్నా, బతిమాలి మరీ తాగించానని రాసుకున్నాడు. తన మత్తు లెక్క మొత్తం ఆయన వివరించింది కూడా ఈ సందర్భంలోనే. ఇద్దరు తమ్ముళ్ళని పాతిపెట్టిన ఇంటి మనిషి, చేతులు వణికి హకీంని పిలిపించుకున్న మనిషి, కొడుకు చేతికి తానే గిన్నె ఇచ్చాడు.

ఆ కొడుకు మాత్రం ఆ దారిలో పోలేదు. 1621 ప్రాంతంలో దక్కన్ యుద్ధానికి వస్తూ చంబల్ నది దగ్గర తౌబా చేశాడు. ఉన్న షరాబ్ అంతా నదిలో పోయించాడు. బంగారు, వెండి గిన్నెలు పగలగొట్టించి ఆ ముక్కలు పేదలకి పంచేశాడు. 74 ఏళ్ళు బతికాడు. ఆయన అన్న పర్వేజ్ తాగుడు ఆపలేదు. 1626లో అదే బుర్హాన్‌పూర్‌లో, బాబాయి దానియాల్ పోయిన ఊళ్ళోనే, నలభై నిండకుండా పోయాడు. ఒకే ఇంట్లో, ఒకే తండ్రి కడుపున పుట్టినవాళ్ళు. కాబట్టి ఇది మా ఖాందాన్‌లో ఉన్నదే, మేం ఇంతే అనుకోవాల్సిన పని లేదు.

ఊపిరి అందని రోజులు

యాభై దాటాక జహంగీర్‌కి ఉబ్బసం పట్టుకుంది. ఊపిరి ఆడేది కాదు. ఒక హకీం తర్వాత ఇంకో హకీం వచ్చారు. మేకపాలు, ఒంటెపాలు తాగించారు, గుణం లేదు. చల్లగాలి కోసం ఏటేటా కశ్మీర్ ప్రయాణం. కాస్త ఉపశమనం కోసం షరాబ్ మళ్ళీ పెంచాడు. పగలు కూడా మొదలుపెట్టాడు. ఎండాకాలం వచ్చేసరికి ఒళ్ళు ఇంకా పాడయింది.

ఉబ్బసం మొత్తానికి నల్లమందే కారణం అనలేం. కానీ నల్లమందు పని ఊపిరిని మందగింపచేయడం. దానికి సారా తోడైతే ఆ మందగింపు రెట్టింపు. ఇప్పటికే ఊపిరితిత్తులు బాగాలేని మనిషికి ఈ రెండూ కలిపి ఇవ్వడమంటే మెడ మీద చెయ్యి వేసి నొక్కడమే. ఇవాళ మోతాదు ఎక్కువై చనిపోయే కుర్రాళ్ళలో కూడా ఒక్క పదార్థం కాదు, రెండు మూడు కలిపి తీసుకున్నవాళ్ళు ఎంతోమంది ఉంటారు.

అప్పుడు పగ్గాలు తీసుకున్నది నూర్‌జహాన్ బేగం. హకీంల కంటే ఆమె నేర్పే ఎక్కువని జహంగీర్ ఒప్పుకున్నాడు. ఆమె అరవలేదు, తలుపు వేయలేదు. పక్కనే కూర్చుని, గిన్నె తర్వాత గిన్నె తగ్గిస్తూ, ఒంటికి పడనిది దూరం పెడుతూ కొంత నిలబెట్టింది. తండ్రి దెబ్బలతో కానిది ఆమె ఓపికతో కొంతైనా అయింది. కానీ అప్పటికి ముప్పై ఐదేళ్ళ అప్పు పేరుకుపోయి ఉంది.

ఒంటి బలహీనత రాజ్యానికి కూడా పాకింది. 1622లో ఇరాన్ షా అబ్బాస్ కందహార్ పట్టుకుపోయాడు. అదే ఏడాది ఖుర్రం తండ్రి మీద తిరగబడ్డాడు. ఆ ఏడాదే జహంగీర్ చేత్తో రాయలేని స్థితికి వచ్చి, ఆత్మకథ రాసే పని ముతమద్ ఖాన్‌కి అప్పగించాడు. కొంగల గుడ్ల దాకా లెక్క రాసిన చెయ్యి అలా ఆగిపోయింది. 1626లో సొంత సేనాని మహాబత్ ఖాన్ జీలం నది ఒడ్డున బాద్షాని నెలల తరబడి తన గుప్పిట్లో పెట్టుకున్నాడు.

చివరి గిన్నె

1627లో చివరిసారి కశ్మీర్ వెళ్ళాడు. ఆకలి పూర్తిగా పోయింది. నలభై ఏళ్ళు తోడున్న నల్లమందు కూడా ఒళ్ళు వద్దంది. కొన్ని గిన్నెల ద్రాక్ష షరాబ్ తప్ప ఏదీ లోపలికి పోయేది కాదు. లాహోర్‌కి తిరుగు ప్రయాణంలో బైరంకలా దగ్గర వేట పెట్టారు. జింకని తెద్దామని వెళ్ళిన ఒక సిపాయి కాలు జారి కొండ మీదినుంచి పడి చచ్చిపోయాడు. అది చూసి బాద్షా మనసు చెదిరిపోయింది. ఆ సిపాయి తల్లిని పిలిపించి డబ్బు ఇచ్చాడు గానీ, తన చావే కళ్ళ ముందు కనపడినట్టు అయిపోయాడు.

రాజౌరీ దాటాక దారిలో ఒక గిన్నె అడిగాడు. పెదాల దగ్గర పెట్టారు. మింగలేకపోయాడు. అక్టోబరు నెలాఖరులో, భీంబర్ దారిలో, 58 ఏళ్ళ వయసులో ప్రాణం పోయింది. లాహోర్ దగ్గర షాదరాలో ఆయన్ని ఖననం చేశారు.

మన ఇళ్ళ సంగతి

సూరా మాయిదా 90వ ఆయత్ మనకి తెలుసు. జహంగీర్‌కి కూడా తెలుసు. హరామ్ అన్న మాట మనిషిని గుమ్మం ముందు ఆపగలదు. గుమ్మం దాటినవాడిని వెనక్కి తేవాలంటే ఆ మాటతో పాటు వైద్యం కావాలి, ఓపిక కావాలి, పక్కన కూర్చునే మనిషి కావాలి. తౌబా, చికిత్స ఒకదానికొకటి పోటీ కాదు.

మన దగ్గర పెద్ద అడ్డంకి పరువు. కుర్రాడి సంగతి బయటపడితే అక్క నిఖా ఆగిపోతుందని, మొహల్లాలో తల ఎత్తుకోలేమని దాచిపెడతారు. దాచిన ఒక్కో ఏడాదికీ రోగం ఒక్కో మెట్టు దిగుతుంది. చేతుల వణుకు, నిద్ర లేకపోవడం, తిండి తగ్గి బరువు పడిపోవడం, ఇంట్లో డబ్బు, వస్తువులు మాయం కావడం, దోస్తులు హఠాత్తుగా మారిపోవడం, ఉత్త దగ్గుకి కూడా పదే పదే సీసాలు కొనడం కనపడితే ఆలస్యం చేయకూడదు. కొట్టడం, గదిలో బంధించడం చేయకూడదు. ఏదో ఒక ఊరి మందు తెచ్చి తెలియకుండా అన్నంలో కలపడం అంతకంటే ప్రమాదం.

చేయాల్సింది సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళడం. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలో, విశాఖలోని మానసిక ఆస్పత్రిలో ఈ వైద్యం ఉంది. మత్తు మానడానికి సలహా కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 14446. ఫోన్ చేస్తే డబ్బు పడదు. ఒకసారి మళ్ళీ మొదలుపెట్టాడని వదిలేయకూడదు. షుగర్, బీపీ లాగా ఇది కూడా మళ్ళీ మళ్ళీ చూసుకోవాల్సిన రోగమే.

జహంగీర్‌కి ఇరవై ఆరో ఏట ఒక హకీం మొహమాటం లేకుండా నిజం చెప్పాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఇంకో ముప్పై ఏళ్ళ ఆయుష్షు దొరికింది. మురాద్‌కి, దానియాల్‌కి ఆ మాట చెవికెక్కలేదు. మీ ఇంట్లో, మీ గల్లీలో ఏ కుర్రాడి చేతులైనా వణుకుతున్నట్టు కనపడితే, ఆ హకీం చేసిన పని ఇవాళే చేయండి.